ఎక్స్‌పాత్ క్వెరీలో స్ట్రింగ్‌ను ముక్కలు చేయడం: ఏ వెర్షన్‌లో ఏది నడుస్తుంది, ఎక్కడ తప్పుతుంది

ఒకే ఆట్రిబ్యూట్‌లో నాలుగు విలువలు కుక్కి, మధ్యలో కామానో హైఫనో పెట్టి వదిలేసిన ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు తరచూ ఎదురవుతాయి. అందులో మనకు రెండో ముక్క కావాలి, లేదా ఫలానా ముక్క ఉన్న నోడ్లు (ఫైల్‌లోని ఎలిమెంట్లు, ఆట్రిబ్యూట్ల వంటివి) మాత్రమే కావాలి. వెంటనే ఎక్స్‌పాత్‌లో (ఎక్స్‌ఎంఎల్ నుంచి కావలసిన భాగాలను ఎంచుకునే క్వెరీ భాష) స్ట్రింగ్‌ను సెపరేటర్ దగ్గర ముక్కలు చేసే టోకెనైజ్ ఫంక్షన్ గుర్తొస్తుంది. క్వెరీ రాసి కోడ్ నడిపితే అలాంటి ఫంక్షనే లేదని ఎర్రర్ పడుతుంది. స్పెల్లింగ్ చూస్తారు, నేమ్‌స్పేస్ చూస్తారు, సెపరేటర్ మార్చి చూస్తారు. తప్పు వాటిలో లేదు. మీ లైబ్రరీ నడుపుతున్నది ఎక్స్‌పాత్ 1.0. అందులో టోకెనైజ్ లేదు, ఉండే వీలు కూడా లేదు.

ఎందుకు వీల్లేదో తెలిస్తే మిగతా సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి. 1999 నవంబరులో వచ్చిన 1.0లో విలువలు నాలుగే రకాలు: నోడ్‌సెట్, స్ట్రింగ్, నంబర్, బూలియన్. స్ట్రింగుల వరుస అనే రకమే అందులో లేదు. ముక్కలు చేసే ఫంక్షన్‌ను ఎవరైనా చేర్చాలన్నా, ఆ ముక్కలను దేనిలో పెట్టి తిరిగి ఇవ్వాలి? 2007 జనవరిలో వచ్చిన 2.0 సీక్వెన్స్, అంటే విలువల వరుస, అనే భావనను తెచ్చింది. దానితోపాటే టోకెనైజ్ వచ్చింది. కాబట్టి క్వెరీ రాయడానికి ముందే తేల్చుకోవలసింది వెర్షన్. ఆ తర్వాత తేల్చుకోవలసింది, ముక్కలు చేసే పని క్వెరీలో జరగాలా, దాన్ని పిలిచే కోడ్‌లో జరగాలా అన్నది.

ఇక్కడి ఉదాహరణల్లో ఫంక్షన్ పేర్లు, కీలక పదాలు, రెగెక్స్ (టెక్స్ట్ నమూనాలు రాసే పద్ధతి) అక్షరాలు పలికినట్టు తెలుగులో ఉన్నాయి. టైప్ చేసేటప్పుడు ఎక్స్‌పాత్ ఫంక్షన్లన్నీ ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, హైఫన్లు ఉన్నచోట ఉంచి రాయాలి. ట్యాగులు, ఆట్రిబ్యూట్లు, వేరియబుళ్ల పేర్లు మాత్రం తెలుగులోనే ఉన్నా నిజంగా పనిచేస్తాయి. ఎక్స్‌ఎంఎల్ తెలుగు పేర్లను అంగీకరిస్తుంది. మొదటి నుంచి చివరిదాకా వాడే డేటా ఇది:

<జాబితా>
<వస్తువు సంకేతం="చొక్కా-ఎరుపు-42" గుర్తులు="నూలు, ఎరుపు, వేసవి"/>
<వస్తువు సంకేతం="టోపీ-నలుపు" గుర్తులు="ఉన్ని,నలుపు,"/>
<వస్తువు సంకేతం="దుప్పటి" గుర్తులు="ముదురు ఎరుపు,చలికాలం"/>
</జాబితా>

మూడు వరుసల్లో మూడు రకాల చిక్కులు కావాలనే పెట్టినవి: కామా తర్వాత ఖాళీ, చివర మిగిలిపోయిన కామా, ఒక విలువలో దాక్కున్న మరో విలువ.

ముందు వెర్షన్ తేల్చుకోండి

జావాతో వచ్చే ఎక్స్‌పాత్ ప్యాకేజీ, డాట్‌నెట్‌లోని ఎక్స్‌పాత్ నావిగేటర్, పైథాన్‌లో ఎల్‌ఎక్స్‌ఎంఎల్, పీహెచ్‌పీలో డామ్‌ఎక్స్‌పాత్, బ్రౌజర్‌లో డాక్యుమెంట్ ఎవాల్యుయేట్, పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌పాత్ ఫంక్షన్: ఇవన్నీ 1.0. పైథాన్‌తో వచ్చే ఎలిమెంట్‌ట్రీ అంతకంటే తక్కువ. అది దారిలో చిన్న భాగాన్నే అర్థం చేసుకుంటుంది, కంటెయిన్స్ కూడా దానికి తెలియదు. 2.0 లేదా ఆపైన కావాలంటే జావాలోనూ డాట్‌నెట్‌లోనూ శాక్సన్, పైథాన్‌లో ఎలిమెంట్‌పాత్ లేదా శాక్సన్ ప్యాకేజీ, డేటాబేస్ స్థాయిలో బేస్‌ఎక్స్, ఎగ్జిస్ట్ వంటివి ఉన్నాయి.

అనుమానం ఉంటే ఒక్క వరుస నడిపితే తేలిపోతుంది:

కౌంట్(టోకెనైజ్('ఒకటి,రెండు', ','))

2 వస్తే మీ దగ్గరున్నది 2.0 లేదా ఆపై వెర్షన్. ఎర్రర్ వస్తే 1.0. ఎర్రర్ మాటలను నమ్మి దారి తప్పకండి. ఎల్‌ఎక్స్‌ఎంఎల్ ఫంక్షన్ నమోదు కాలేదని సూటిగానే చెబుతుంది. డాట్‌నెట్ మాత్రం నేమ్‌స్పేస్ మేనేజర్ గానీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ కాంటెక్స్ట్ గానీ కావాలంటుంది. అది చదివి నేమ్‌స్పేసులు సర్దుతూ కూర్చుంటే పూట గడిచిపోతుంది. అసలు విషయం, టోకెనైజ్ అనే పేరు దానికి తెలియకపోవడం. ఇక వాలు గీత తర్వాత నేరుగా ఫంక్షన్ రాస్తే, అంటే //వస్తువు/టోకెనైజ్(...) అని రాస్తే, 1.0లో అది వ్యాకరణ దోషమే. ఆ చోట నోడ్ పేరు లాంటిది మాత్రమే ఉండాలి.

1.0లో ఉన్న పనిముట్లతో

సబ్‌స్ట్రింగ్-బిఫోర్ సెపరేటర్ మొదటిసారి కనిపించిన చోటికి ముందున్నది ఇస్తుంది. సబ్‌స్ట్రింగ్-ఆఫ్టర్ దాని తర్వాతున్నదంతా ఇస్తుంది. రెండూ సెపరేటర్‌ను మామూలు అక్షరాలుగానే చూస్తాయి, రెగెక్స్‌గా కాదు. చుక్క అంటే చుక్కే.

సబ్‌స్ట్రింగ్-బిఫోర్(@సంకేతం, '-')

మొదటి వస్తువుకు ఇది 'చొక్కా' ఇస్తుంది. మూడోదానికి 'దుప్పటి' వస్తుందనుకుంటాం, వచ్చేది ఖాళీ స్ట్రింగ్. సెపరేటర్ దొరకకపోతే ఈ రెండు ఫంక్షన్లూ ఖాళీనే ఇస్తాయి, ఎర్రర్ ఇవ్వవు. 1.0లో అన్నిటికంటే ఎక్కువసార్లు దెబ్బతీసేది ఇదే, ఎందుకంటే పరీక్ష డేటాలో ప్రతి విలువకూ హైఫన్ ఉంటుంది, అసలు డేటాలో ఉండదు. మందు తేలిక: చివర ఒక సెపరేటర్ మనమే అతికించాలి.

సబ్‌స్ట్రింగ్-బిఫోర్(కన్‌క్యాట్(@సంకేతం, '-'), '-')

ఇప్పుడు మూడు వస్తువులకూ మొదటి ముక్క సరిగ్గా వస్తుంది. రెండో ముక్కకు, అతికించిన స్ట్రింగ్‌లో మొదటి హైఫన్ దాటి, మళ్లీ దాని ముందున్నది తీసుకోవాలి:

సబ్‌స్ట్రింగ్-బిఫోర్(సబ్‌స్ట్రింగ్-ఆఫ్టర్(కన్‌క్యాట్(@సంకేతం, '-'), '-'), '-')

'చొక్కా-ఎరుపు-42-' నుంచి ఆఫ్టర్ 'ఎరుపు-42-' ఇస్తుంది, బిఫోర్ 'ఎరుపు' ఇస్తుంది. 'దుప్పటి-' నుంచి ఆఫ్టర్ ఖాళీ, దాని బిఫోర్ కూడా ఖాళీ. రెండో ముక్క లేదన్నదానికి అదే సరైన జవాబు. మూడో ముక్క కావాలంటే ఆఫ్టర్‌ను ఇంకోసారి చుట్టాలి. నాలుగోదానికి మరోసారి. నాలుగు దాటితే క్వెరీ చదవగలిగేలా ఉండదు, అక్కడితో ఆపి ముక్కలు చేసే పని కోడ్‌కు అప్పజెప్పండి.

చివరి ముక్క సంగతి వేరు. ఎన్ని ముక్కలున్నాయో ముందే తెలియకపోతే 1.0 క్వెరీలో చివరి ముక్క తీయడానికి మార్గం లేదు. లూప్ లేదు, వెనక నుంచి వెతికే ఫంక్షన్ లేదు. చివరి భాగం పొడవు స్థిరమైతే మాత్రం సబ్‌స్ట్రింగ్ పనికొస్తుంది. చివరి రెండు అక్షరాలకు:

సబ్‌స్ట్రింగ్(@సంకేతం, స్ట్రింగ్-లెంగ్త్(@సంకేతం) - 1)

ఎక్స్‌పాత్‌లో స్థానాలు 1 నుంచి మొదలవుతాయి, 0 నుంచి కాదు. కోడ్‌లో లెక్కేసిన స్థానాన్ని నేరుగా క్వెరీలో పెట్టినా, క్వెరీలోది కోడ్‌లోకి తెచ్చినా ఒక అక్షరం జరిగిపోతుంది. సబ్‌స్ట్రింగ్('12345', 0, 3) రాస్తే ఎర్రర్ రాదు, '12' వస్తుంది. లేని సున్నా స్థానం కూడా మూడింటిలో ఒకటిగా లెక్కలోకి వెళ్లిపోతుంది. ఇక అక్షరం అంటే ఇక్కడ యూనికోడ్ గుర్తు, మనం పలికే అక్షరం కాదు. 'క్షి' పొడవు 4: క, పొల్లు, ష, గుడి. తెలుగు విలువలను సబ్‌స్ట్రింగ్‌తో స్థానం లెక్కన కోస్తే గుణింతం మధ్యలో తెగుతుంది. తెలుగు డేటాకు సెపరేటర్‌తో విడగొట్టడమే క్షేమం.

ముక్కలు తీయకుండానే వడకట్టడం

చాలాసార్లు మనకు ముక్కలు అక్కర్లేదు, ఫలానా ముక్క ఉన్న నోడ్ కావాలి. ఆ పని 1.0లో చక్కగా జరుగుతుంది, కానీ కంటెయిన్స్(@గుర్తులు, 'ఎరుపు') తో కాదు. అది మూడో వస్తువును కూడా పట్టుకొస్తుంది, 'ముదురు ఎరుపు'లో 'ఎరుపు' ఉంది కదా. విలువకు రెండు వైపులా సెపరేటర్ తొడిగి, వెతికే పదానికి కూడా రెండు వైపులా తొడగాలి:

//వస్తువు[కంటెయిన్స్(కన్‌క్యాట్(',', ట్రాన్స్‌లేట్(@గుర్తులు, ' ', ''), ','), ',ఎరుపు,')]

ట్రాన్స్‌లేట్ ఇక్కడ ఖాళీలన్నిటినీ తీసేస్తుంది, అందుకే 'నూలు, ఎరుపు'లోని కామా తర్వాతి ఖాళీ అడ్డురాదు. జవాబు మొదటి వస్తువు ఒక్కటే. మూడోది ',ముదురుఎరుపు,చలికాలం,' అవుతుంది, కలవదు. అయితే 'ముదురు ఎరుపు' కోసం వెతకాలంటే వెతికే పదంలోని ఖాళీ కూడా తీసేసి ',ముదురుఎరుపు,' అని రాయాలి. అది మరిచిపోతే ఎప్పటికీ ఏదీ దొరకదు.

సెపరేటర్ ఖాళీయే అయితే, హెచ్‌టీఎంఎల్ క్లాస్ ఆట్రిబ్యూట్‌లో లాగా, ట్రాన్స్‌లేట్ బదులు నార్మలైజ్-స్పేస్ వాడాలి. అది ముందూ వెనకా ఖాళీలు కత్తిరించి, మధ్యలోని వరుస ఖాళీలను ఒక్కటి చేస్తుంది:

//*[కంటెయిన్స్(కన్‌క్యాట్(' ', నార్మలైజ్-స్పేస్(@క్లాస్), ' '), ' ధర ')]

ముక్కను సంఖ్యతో పోల్చేటప్పుడు నంబర్ ఫంక్షన్‌తో మార్చండి. అది '03'ను 3గా చదువుతుంది, చుట్టూ ఖాళీలున్నా పట్టించుకోదు. కానీ '42సెం' లాంటిది లేదా ఖాళీ స్ట్రింగ్ వస్తే సంఖ్య కాదు అనే ప్రత్యేక విలువ అవుతుంది. దానితో పెద్దదా, చిన్నదా, సమానమా అన్న ఏ పోలికైనా అబద్ధమే. ఎర్రర్ లేకుండా వరుసలు మాయమైతే మొదట ఇక్కడ చూడండి.

నోడ్‌సెట్ ఇస్తే మొదటిదే

1.0లో ఇంకో నిశ్శబ్దమైన గొయ్యి ఉంది.

సబ్‌స్ట్రింగ్-బిఫోర్(//వస్తువు/@సంకేతం, '-')

మూడు జవాబులు వస్తాయనిపిస్తుంది. ఒక్కటే వస్తుంది. స్ట్రింగ్ అడిగే ఫంక్షన్‌కు నోడ్‌సెట్ ఇస్తే డాక్యుమెంట్ వరుసలో మొదటి నోడ్‌ను మాత్రమే స్ట్రింగ్ చేసుకుని మిగతావి వదిలేస్తుంది. అందువల్ల 1.0లో ప్రతి నోడ్‌కూ ముక్క కావాలంటే రెండు దశలు తప్పవు: ముందు //వస్తువు తో నోడ్లు తెచ్చుకోండి, తర్వాత కోడ్‌లో లూప్ వేసి ఒక్కో నోడ్‌ను ఆధారంగా ఇచ్చి ముక్క క్వెరీ నడపండి.

ఆ లోపలి క్వెరీ @సంకేతం అనో, చుక్కతో మొదలై .// అనో ఉండాలి. వట్టి // తో మొదలైతే మీరు ఏ నోడ్ ఇచ్చినా అది డాక్యుమెంట్ మొదటికే వెళ్తుంది. మూడుసార్లు తిరిగిన లూప్ మూడుసార్లూ 'చొక్కా' అంటుంటే కారణం ఆ లేని చుక్కే.

2.0లో ఇదే క్వెరీ ఇలా మౌనంగా ఉండదు. ఒకటి కంటే ఎక్కువ వస్తే రకం కుదరలేదని ఎర్రర్ వేస్తుంది, కోడ్ ఎక్స్‌పీటీవై0004. పాత క్వెరీలను కొత్త ఇంజన్‌కు మార్చేటప్పుడు ఎక్కువగా పడేది ఇదే. ఎర్రర్ వచ్చిన ప్రతి చోటా పాత క్వెరీ ఇన్నాళ్లూ మొదటి నోడ్ ఒక్కదాన్నే చూసిందని అర్థం. [1] చేర్చి నోరు మూయించే ముందు అది కావాలనే అలా ఉందా అని చూడండి.

పిలిచే కోడ్‌లో ఏ ఫంక్షన్‌తో అడుగుతున్నారు

క్వెరీ సరైనదే అయినా, నోడ్లు మాత్రమే ఇచ్చే మెథడ్‌తో స్ట్రింగ్ అడిగితే దెబ్బతింటుంది. డాట్‌నెట్‌లో సెలెక్ట్‌నోడ్స్‌కు సబ్‌స్ట్రింగ్-బిఫోర్ ఇస్తే ఎక్స్‌ప్రెషన్ నోడ్‌సెట్ కావాలని ఎర్రర్ వస్తుంది. నావిగేటర్ మీద ఎవాల్యుయేట్ వాడాలి. పీహెచ్‌పీలో క్వెరీ మెథడ్ కాదు, ఎవాల్యుయేట్ మెథడ్. జావాలో తిరిగి వచ్చే రకాన్ని మీరే చెబుతారు కాబట్టి నోడ్‌సెట్ బదులు స్ట్రింగ్ అనే స్థిరాంకం ఇవ్వాలి. ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఈ గొడవ లేదు, క్వెరీ ఏ రకం ఇస్తే పైథాన్‌కు ఆ రకమే వస్తుంది. అయితే నోడ్ల క్వెరీకి లిస్టు, స్ట్రింగ్ క్వెరీకి వట్టి స్ట్రింగ్ వస్తాయి. స్ట్రింగ్ మీద అలవాటుగా సున్నా స్థానం అడిగితే మొదటి అక్షరం చేతికొస్తుంది.

1.0తోనే ఉండిపోవాల్సి వస్తే మంచి పంపకం ఇది: వడకట్టడం క్వెరీ చేయాలి, ముక్కలు చేయడం భాష చేయాలి. నోడ్ తెచ్చుకుని ఆట్రిబ్యూట్ మొత్తం తీసుకుని, ఆ భాషలోని స్ప్లిట్ వాడండి. క్వెరీలోపలే మీ సొంత ఫంక్షన్ పిలవాలనుకుంటే ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఫంక్షన్ నేమ్‌స్పేస్‌తో నమోదు చేయవచ్చు. అక్కడ మీ పైథాన్ ఫంక్షన్‌కు మొదటి ఆర్గ్యుమెంట్ కాంటెక్స్ట్. @గుర్తులు అని ఇస్తే స్ట్రింగ్ కాదు, లిస్టు వస్తుంది. ఆట్రిబ్యూట్ లేకపోతే ఖాళీ లిస్టు. క్వెరీలో స్ట్రింగ్(@గుర్తులు) అని రాసి పంపితే ఈ బెడద ఉండదు. పీహెచ్‌పీలో రిజిస్టర్‌పీహెచ్‌పీఫంక్షన్స్ ఉంది. దానికి అనుమతించే పేర్ల జాబితా ఇవ్వండి. ఖాళీగా పిలిస్తే క్వెరీ నుంచి ఏ పీహెచ్‌పీ ఫంక్షన్‌నైనా పిలవవచ్చు, బయటి నుంచి క్వెరీ వచ్చే చోట అది ప్రమాదం. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ వాడుతుంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 కోసం తయారైన ఈఎక్స్‌ఎస్‌ఎల్‌టీ విస్తరణల్లో టోకెనైజ్, స్ప్లిట్ రెండూ ఉన్నాయి. రెండూ ముక్కలను నోడ్లుగా చుట్టి ఇస్తాయి, 1.0 రకాల హద్దును దాటే తెలివైన మార్గం అది. వాటి తేడా గుర్తుంచుకోండి: టోకెనైజ్‌కు ఇచ్చిన ప్రతి అక్షరం ఒక్కో సెపరేటర్, స్ప్లిట్‌కు ఇచ్చింది మొత్తం కలిపి ఒకే సెపరేటర్.

2.0, ఆపైన: టోకెనైజ్

//వస్తువు/టోకెనైజ్(@సంకేతం, '-')

చొక్కా, ఎరుపు, 42, టోపీ, నలుపు, దుప్పటి: ఆరు స్ట్రింగులు వరుసగా వస్తాయి. అన్ని గుర్తుల్లో పునరుక్తి లేని జాబితా కావాలంటే బయట డిస్టింక్ట్-వాల్యూస్ చుట్టండి.

రెండో ఆర్గ్యుమెంట్ రెగెక్స్. మర్చిపోయేది ఇదే. చుక్కతో విడగొట్టాలని '.' ఇస్తే ప్రతి అక్షరమూ సెపరేటరే అవుతుంది, అన్నీ ఖాళీ ముక్కలే మిగులుతాయి. నిలువు గీత '|' ఒక్కటే ఇస్తే అది ఏమీ లేనిదానితో కూడా కలుస్తుంది. ఖాళీతో కలిసే నమూనాను టోకెనైజ్ ఒప్పుకోదు, ఎఫ్‌ఓఆర్‌ఎక్స్0003 ఎర్రర్ వేస్తుంది. ',*' కూడా అదే కారణంతో పడుతుంది, ',+' రాయాలి. ముందు వెనకవాలు గీత పెట్టి '\.' , '\|' అని రాయండి. 3.0 నుంచి మూడో ఆర్గ్యుమెంట్‌గా 'క్యూ' ఫ్లాగ్ ఇస్తే సెపరేటర్‌ను మామూలు అక్షరాలుగానే చూస్తుంది. సెపరేటర్ బయటి నుంచి వచ్చేదైతే ఇదే సరైన దారి.

వెనకవాలు గీత ఎక్స్‌పాత్‌కు చేరేలోపే మీ భాష దాన్ని మింగకుండా చూడాలి. జావాలో '\\.' అని రెండు గీతలు, పైథాన్‌లో ముడి స్ట్రింగ్, సీషార్ప్‌లో స్ట్రింగ్ ముందు @ గుర్తు. ఈ రెగెక్స్ మీ భాషలోని రెగెక్స్ కూడా కాదు. ముందుచూపు, వెనుకచూపు నమూనాలు లేవు, పదం అంచును చెప్పే '\బి' లేదు. వేరేచోట పరీక్షించి తెచ్చి అతికించిన నమూనా ఇక్కడ నడుస్తుందన్న హామీ లేదు.

ఖాళీలున్న కామా జాబితాకు నిలకడైన రూపం:

టోకెనైజ్(నార్మలైజ్-స్పేస్(@గుర్తులు), '\ఎస్*,\ఎస్*')[. != '']

నార్మలైజ్-స్పేస్ రెండు అంచులూ శుభ్రం చేస్తుంది. నమూనా కామా చుట్టూ ఉన్న ఖాళీలను మింగేస్తుంది. చివరి ప్రెడికేట్ (చదరపు బ్రాకెట్లలోని షరతు), రెండో వస్తువులో మిగిలిన కామా వల్ల వచ్చే ఖాళీ ముక్కను తీసేస్తుంది. మొదట్లో సెపరేటర్ ఉన్నా, రెండు సెపరేటర్లు పక్కపక్కన ఉన్నా ఇలాగే ఖాళీ ముక్కలు వస్తాయి. స్థానం ముఖ్యమైన డేటాలో మాత్రం ఈ ప్రెడికేట్ పెట్టకండి; ఖాళీ రెండో గడి పోతే మూడోది రెండో స్థానంలోకి జరిగిపోతుంది. వట్టి ఖాళీలతోనే విడగొట్టాలంటే 3.1లో ఒకే ఆర్గ్యుమెంట్‌తో టోకెనైజ్(@క్లాస్) చాలు. ఫలానా పదం ఉందా అని చూడటానికి అదే వెర్షన్‌లో కంటెయిన్స్-టోకెన్ ఉంది.

కామా జాబితాలో వడకట్టడం ఇప్పుడు సూటిగా ఉంటుంది:

//వస్తువు[టోకెనైజ్(నార్మలైజ్-స్పేస్(@గుర్తులు), '\ఎస్*,\ఎస్*') = 'ఎరుపు']

సీక్వెన్స్‌తో సమానం గుర్తు వాడితే ఏ ఒక్క ముక్క కలిసినా నిజమే. అదే కారణంగా != కు ఉల్టా అర్థం రాదు: ఏ ఒక్క ముక్క వేరుగా ఉన్నా నిజమైపోతుంది, అంటే దాదాపు ప్రతి నోడూ వస్తుంది. 'ఎరుపు' లేనివి కావాలంటే నాట్(... = 'ఎరుపు') అని మొత్తాన్ని చుట్టాలి.

జత తప్పిపోవడం

//వస్తువు/టోకెనైజ్(@సంకేతం, '-')[2]

మూడు వస్తువులు, జవాబులు రెండు: ఎరుపు, నలుపు. మూడోదానికి రెండో ముక్క లేదు, లేనిది సీక్వెన్స్‌లో చోటు కూడా ఉంచదు. ఈ ఫలితాన్ని వస్తువుల లిస్టు పక్కన పెట్టి కోడ్‌లో వరుసగా జతచేస్తే, మధ్యలో ఒక్కటి లేకపోయినా ఆపైన రంగులన్నీ పక్క వస్తువుకు అంటుకుంటాయి. చోటు నిలబెట్టాలంటే:

//వస్తువు/(టోకెనైజ్(@సంకేతం, '-')[2], '')[1]

రెండో ముక్క ఉంటే అది, లేకపోతే ఖాళీ స్ట్రింగ్. మూడు వస్తువులకు మూడు జవాబులు. ఇంకా భద్రమైనది, వస్తువును, ముక్కను క్వెరీలోనే కలిపి తేవడం:

ఫర్ $వ ఇన్ //వస్తువు, $ము ఇన్ టోకెనైజ్($వ/@గుర్తులు, ',') రిటర్న్ కన్‌క్యాట్($వ/@సంకేతం, ': ', నార్మలైజ్-స్పేస్($ము))

[1] ఎక్కడ తగులుతుందో కూడా చూసుకోవాలి. //వస్తువు/టోకెనైజ్(@సంకేతం, '-')[1] ప్రతి వస్తువుకూ మొదటి ముక్క ఇస్తుంది. మొత్తానికి కుండలీకరణం వేసి చివర [1] పెడితే అన్నిటిలో మొదటిది ఒక్కటే. 1.0లో దొరకని చివరి ముక్కకు ఇక్కడ [లాస్ట్()] సరిపోతుంది.

ముక్కలు చేశాక వాటి మీద మరో ఫంక్షన్ నడపాలని ఇంకో వాలు గీత పెడితే, టోకెనైజ్(...)/నార్మలైజ్-స్పేస్(.) లాగా, ఎక్స్‌పీటీవై0019 ఎర్రర్ వస్తుంది. వాలు గీతకు ఎడమ పక్కన నోడ్లే ఉండాలి, స్ట్రింగులు ఉండకూడదు. 3.0 నుంచి ఆ చోట ఆశ్చర్యార్థకం పనిచేస్తుంది: టోకెనైజ్(@గుర్తులు, ',') ! నార్మలైజ్-స్పేస్(.). 2.0లోనే ఉంటే ఫర్ రాయాలి.

2.0 నుంచి స్ట్రింగ్‌ను సంఖ్యతో నేరుగా పోల్చడం కూడా కుదరదు. టోకెనైజ్(@సంకేతం, '-')[3] > 40 అంటే రకం ఎర్రర్. ఆ ముక్కను నంబర్ ఫంక్షన్‌లో పెట్టండి.

కొటేషన్ల లోపల కామాలున్న సీఎస్‌వీ వరుసను మాత్రం టోకెనైజ్‌తో విడగొట్టే ప్రయత్నం చేయకండి. లోపలి కామాను బయటి కామా నుంచి ఈ రెగెక్స్ వేరు చేయలేదు. మొత్తం స్ట్రింగ్‌ను కోడ్‌కు తెచ్చుకుని సీఎస్‌వీ పార్సర్‌కు ఇవ్వండి.

కంటికి కనపడని అక్షరాలు

ఆట్రిబ్యూట్‌లో కొత్త వరుసతో విడగొట్టాలనుకుంటే అది ఎప్పటికీ జరగదు. ఎక్స్‌ఎంఎల్ పార్సర్ ఆట్రిబ్యూట్ విలువలోని వరుస మార్పును, ట్యాబ్‌ను చదివేటప్పుడే ఖాళీగా మారుస్తుంది; క్వెరీకి చేరేసరికి అక్కడ ఉన్నది ఖాళీయే. ఫైల్‌లో &#10; అని రాసి ఉంటే తప్ప అది నిలవదు. ఎలిమెంట్ లోపలి టెక్స్ట్‌లో వరుస మార్పు నిలుస్తుంది, కానీ విండోస్‌లో రాసిన ఫైల్‌లోని రెండు అక్షరాల వరుస ముగింపు ఒకే అక్షరంగా మారిపోతుంది. కోడ్ 13, 10 రెండూ కలిపి వెతికితే దొరకదు, 10 ఒక్కటే వెతకాలి.

ఇంకో మెలిక: టోకెనైజ్‌లో '\ఎన్' అంటే రెగెక్స్ కాబట్టి కొత్త వరుస. సబ్‌స్ట్రింగ్-బిఫోర్‌లో '\ఎన్' అంటే వెనకవాలు గీత, ఆ పక్కన ఒక అక్షరం, అంతే. మామూలు పైథాన్ స్ట్రింగ్‌లో రాస్తే పైథానే దాన్ని కొత్త వరుసగా మార్చి పంపుతుంది కాబట్టి పనిచేస్తుంది. ముడి స్ట్రింగ్‌గా మార్చిన రోజున ఆగిపోతుంది.

నార్మలైజ్-స్పేస్‌కు గానీ '\ఎస్'కు గానీ తెలిసినవి నాలుగే: ఖాళీ, ట్యాబ్, కోడ్ 10, కోడ్ 13. వెబ్ పేజీల నుంచి వచ్చిన డేటాలో ఉండే తెగని ఖాళీ, కోడ్ 160, వాటికి ఖాళీ కాదు. ముందుగా ట్రాన్స్‌లేట్‌తో దాన్ని మామూలు ఖాళీగా మార్చండి. తెలుగు టెక్స్ట్‌లో పొల్లు తర్వాత అక్షరాలు అతుక్కోకుండా పెట్టే కనపడని గుర్తు, కోడ్ 8204, కూడా ఇలాంటిదే. తెర మీద ఒకేలా కనిపించే రెండు పదాలు సమానం కావడం లేదంటే ఒకదానిలో అది ఉండొచ్చు. దాన్ని ట్రాన్స్‌లేట్‌తో పోలికకు రెండు పక్కలా తీసేయాలి.

సెపరేటర్, వెతికే పదం కోడ్ నుంచి వస్తే

క్వెరీ స్ట్రింగ్‌లో అతికించకండి. విలువలో ఒక కొటేషన్ గుర్తు ఉంటే చాలు, క్వెరీ విరిగిపోతుంది. చెడ్డ ఉద్దేశంతో పంపినదైతే క్వెరీ అర్థమే మారిపోతుంది. 1.0లో కొటేషన్‌ను తప్పించే గుర్తే లేదు. 2.0లో రెండుసార్లు రాయవచ్చు. రెండిటికీ సరైన మందు వేరియబుల్: క్వెరీలో $పదం అని రాసి, విలువను విడిగా పంపండి. ఎల్‌ఎక్స్‌ఎంఎల్‌లో ఎక్స్‌పాత్ మెథడ్‌కు పేరుతో ఆర్గ్యుమెంట్ ఇస్తే చాలు. జావాలో వేరియబుల్ రిజాల్వర్ పెట్టాలి. శాక్సన్‌లో కంపైలర్‌కు వేరియబుల్ ప్రకటించి సెలెక్టర్‌కు విలువ ఇవ్వాలి.

కోడ్‌కు, క్వెరీకి మధ్య ముక్కలు చేసే పని అటూ ఇటూ మార్చినప్పుడు లెక్క మారుతుందని గుర్తుంచుకోండి. 'ఉన్ని,నలుపు,' ను టోకెనైజ్ మూడు ముక్కలు చేస్తుంది, పైథాన్ స్ప్లిట్ కూడా మూడే. జావా స్ప్లిట్ చివరి ఖాళీలను పారేసి రెండు ఇస్తుంది. పరిమితిగా -1 ఇస్తేనే మూడు. ఖాళీ స్ట్రింగ్‌ను పైథాన్, జావా ఒక ఖాళీ ముక్కగా ఇస్తాయి, టోకెనైజ్ అసలు ఏమీ ఇవ్వదు. జావా స్ప్లిట్‌కు ఇచ్చేది రెగెక్స్, పైథాన్ స్ప్లిట్‌కూ పీహెచ్‌పీ ఎక్స్‌ప్లోడ్‌కూ ఇచ్చేది మామూలు స్ట్రింగ్.

అందుకని రాసిన ప్రతి ముక్కల క్వెరీని ఈ ఆరు విలువలతో నడిపి చూడండి: ఆట్రిబ్యూటే లేని నోడ్, ఖాళీ విలువ, సెపరేటర్ లేని ఒకే ముక్క, చివర సెపరేటర్, పక్కపక్కన రెండు సెపరేటర్లు, సెపరేటర్ చుట్టూ ఖాళీలు.

వేగం గురించి రెండు మాటలు. వేల నోడ్ల మీద నడిచే క్వెరీని లూప్‌లో ప్రతిసారీ స్ట్రింగ్‌గా ఇవ్వకుండా ఒకసారి కంపైల్ చేసి ఉంచుకోండి. జావాలో కంపైల్ చేసిన ఎక్స్‌పాత్ ఎక్స్‌ప్రెషన్‌ను థ్రెడ్ల మధ్య పంచుకోకూడదు, థ్రెడ్‌కు ఒకటి కావాలి. శాక్సన్‌లో ఎగ్జిక్యూటబుల్‌ను పంచుకోవచ్చు, దాని నుంచి లోడ్ చేసిన సెలెక్టర్ మాత్రం థ్రెడ్‌కు ఒకటి. టోకెనైజ్ ప్రెడికేట్ బరువుగా ఉంటే దాని ముందు చవకైన వడపోత ఒకటి పెట్టండి:

//వస్తువు[కంటెయిన్స్(@గుర్తులు, 'ఎరుపు')][టోకెనైజ్(నార్మలైజ్-స్పేస్(@గుర్తులు), '\ఎస్*,\ఎస్*') = 'ఎరుపు']

కంటెయిన్స్ మొదటి, మూడో వస్తువులను లోపలికి వదులుతుంది, వాటిలో మూడోదాన్ని టోకెనైజ్ తీసేస్తుంది. రెండోదాని మీద రెగెక్స్ నడవాల్సిన అవసరమే రాదు.